సూర పడేదాకా

ఏప్రిల్ 18

కల్వకుర్తి నుంచి ఇప్పుడే ఇల్లు చేరాం. చెప్పులు కూడా విడవకుండా రాస్తున్నాను. ఇది విత్తనాల కంపెనీ వాళ్ళు ఉగాదికి ఇచ్చిన డైరీ. ప్రతి పేజీ అడుగున ఒక పురుగు బొమ్మ, పక్కన దాని మందు. ఈ పేజీకి కాండం తొలిచే పురుగు. ఉండనీ.

జరిగింది ఇది. మా మరదలు మంజులత కొడుకు పుట్టెంట్రుకలు. భోజనాలయ్యాక మా షడ్డకుడు హనుమంతు, అంటే మంజులత మొగుడు, ఫోన్ తీసి అందరికీ ఒక ఫొటో చూపించాడు. విశాఖపట్నం టూరులో పడవ మీద నిలబడ్డాడు. చేతిలో చేప. మూరెడుంటుంది. నీలం వీపు, వెండి కడుపు, ఒళ్ళంతా నున్నగా.

"సూర అంటరు దీన్ని అన్నా. ట్యూనా జాతి. ఒడ్డు దగ్గరికే వస్తది గానీ కంటికి ఆనది, గంత ఉరుకుడు. గాలానికి పడితె చేతులు గుంజుకపోతయి. మీ మూసీల బొచ్చెలు ఉన్నయి సూడు, అవి గాలానికి పడ్డంక గూడ పండుకునే ఉంటయి."

అందరూ నవ్వారు. వంటవాడు కూడా నవ్వాడు. మాది నకిరేకల్. మూసీ ప్రాజెక్టు మాకు పక్కనే కేతేపల్లి దగ్గర. దాన్ని అంటే నన్ను అన్నట్టే.

నాకు కోపం వస్తే ముందు నోరు లేస్తుంది, తర్వాత నేను లేస్తాను. లేచి అందరిముందు చెప్పేశాను. "మిరుగం నాటికి నా గాలానికి సూర పడాలె. పడేదాకా చేప ముట్ట!"

అందరూ నా వైపే చూశారు. చాలా బాగా అనిపించింది. అప్పుడు మా ఆవిడ స్నేహలత లేచి నిలబడింది.

"ఆయన ముట్టకుంటె నేనూ ముట్ట."

ఇది నేననుకోలేదు. స్నేహలతకు చేపలంటే ప్రాణం. పైగా మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదటి రోజు, చేప తినకపోతే ఏడాదంతా ఒంట్లో బాగుండదని ఆమెకు గట్టి నమ్మకం. వాళ్ళ నాయిన బతికున్నన్నాళ్ళు ఆ రోజు కొర్రమట్ట పట్టుకొని గుమ్మంలో నిలబడేవాడు. ఆయన పోయాక కూడా ఒక్క మిరుగం తప్పలేదామె.

బస్సులో అడిగాను, నువ్వెందుకన్నావని.

"కౌజు పిట్టలు పెంచుతనన్నవు, ఇడిసినవు. పుట్టగొడుగులన్నవు, ఇడిసినవు. నీ యోగా చాప మీద అత్తమ్మ వడియాలు పెడుతుంది. నేను గూడ ఉంటెనన్న ఇడువవేమో అని" అంది.

ఈసారి విడవను. మిరుగం జూన్ ఎనిమిదిన. బోలెడంత టైముంది!

ఏప్రిల్ 23

గాలం వచ్చింది!!! మూడు ముక్కలు. బిగిస్తే మా హాలు చాలలేదు, కొన వంటింట్లో తేలింది. రీలు గిర్రున తిరుగుతుంది. దాని నిండా తంగూసు దారం. ఎర కూడా ఇనుపదే, చెంచాలాగా తళతళలాడుతుంది, అడుగున కొక్కేలు. సూర దాన్ని చూసి చిన్న చేప అనుకొని మింగుతుందట. బురదలో వానపాములు తవ్వే పనే లేదు. సముద్రపు చేపకు ఒక హోదా ఉంటుంది కదా.

అమ్మ వచ్చి కట్టెను ఈ కొన నుంచి ఆ కొనదాకా తడిమింది.

"ఎందుకు బిడ్డా ఇది?"

"సూర కోసమమ్మా."

అమ్మ ముఖం వెలిగిపోయింది. "ఇన్నేండ్లకు తల్లి కష్టం కనవడ్డది నీకు. పందిరి మీది సోరకాయలు అందక సస్తున్న."

"సోర గాదే. సూర."

"నేనూ గదే అంటున్న. సోర."

స్నానం చేసి వచ్చేసరికి నా కొత్త గాలంతో పందిరి సగం ఖాళీ చేసింది. గురి మాత్రం అద్భుతం. రాత్రికి సోరకాయ కూర.

ఏప్రిల్ 24

బజార్లో సూర కాస్తా సొర అయింది. కటింగ్ షాపు ఎల్లేష్ కత్తెర ఆపి మరీ అడిగాడు. "సొరచేపను పడతవంట గదా సేటు. ఇన్సూరెన్సు చేయించినవా?"

సరిదిద్దలేదు. సొర అన్న దగ్గర్నుంచి జనం కాస్త దారి ఇస్తున్నారు.

మధ్యాహ్నం సోరకాయ పప్పు.

ఏప్రిల్ 26

సాయంత్రం డాబా మీద సాధన. గురి: ప్లాస్టిక్ తొట్టి.

గాలానికి పడినవి:
పక్కింటి యాదగిరి గారి లుంగీ (తీగ మీద ఆరేసింది).
నా టోపీ (నెత్తి మీద ఉండగానే).
యాదగిరి గారి డిష్.

తొట్టి పడలేదు.

యాదగిరి గారు పైకి వచ్చారు. నెమ్మదస్తుడు. "విజేందరూ, మ్యాచ్ ఎవలు గెలిసిండ్రు?" అని అడిగారు.

"తెల్వదు కాకా."

"నాకు గూడ తెల్వదు. ఆఖరి ఓవర్ల నువ్వు బంద్ జేసినవు."

డిష్ మళ్ళీ బిగించి వచ్చాను. ఒకటి మాత్రం నిజం, లాగినప్పుడు గట్టిగానే లాగింది. చేతులకు అలవాటవుతోంది.

ఏప్రిల్ 30

గొప్ప ఆలోచన! డిష్‌తో, లుంగీతో ఏం లాభం? అవి కదలవు. సూర ఉరుకుతుంది. ఉరికేదానితో సాధన చెయ్యాలి.

మా మోటర్ వైండింగ్ షాపులో ఐలేశం అని పనిచేస్తాడు. నాకంటే పెద్దవాడు, కాలిన మోటరు వాసన చూసి ఏ కాయిల్ పోయిందో చెప్తాడు. చెవులు మాత్రం మందం. ఆయన మొపెడ్ వెనక తంగూసు దారం కట్టాను. ఊరి బయట మొరం బాట. నేను గాలం పట్టుకొని నిలబడతాను, ఆయన చేపలాగా ఉరకాలి, నేను గుంజినప్పుడు ఆగాలి. ఇదీ ఒప్పందం.

ఐలేశం ఉరికాడు. రీలు కేకపెట్టింది. ఒళ్ళు పులకరించింది! గుంజాను. ఐలేశం ఆగలేదు. "ఆగు ఐలేశం!" అని అరిచాను. మూల తిరిగి కనబడకుండా పోయాడు. దారం మొత్తం అయిపోయి పుటుక్కున తెగింది.

ఎండలో బాట మీద కూర్చున్నాను. అటుగా పోయే మేకలాయన ఏం పోయిందని అడిగాడు. చేప పోయిందన్నాను. బాట వైపు, నా వైపు చూసి మేకలను గబగబా తోలుకుపోయాడు.

చేప సాయంత్రం తిరిగొచ్చింది. కేతేపల్లిలో బిడ్డ ఇంటికి పోయి, చాయ్ తాగి, అల్లునితో మాట్లాడి వచ్చిందట.

"నువ్వు ఉరుకుమన్నవు గద సేటు. గట్లనే పోతె కేతేపల్లి వచ్చింది."

మే 4

మూసీ ప్రాజెక్టు దగ్గర సాధన. కొత్త దారం. స్నేహలత కూడా వచ్చింది, టిఫిన్ డబ్బా కట్టుకొని. ఐలేశం గొడుగు పట్టాడు.

మొదట చెప్పు పడింది. తర్వాత చేప పడింది! నిజం చేప! బొచ్చె. హనుమంతు చెప్పినట్టు పండుకోలేదు, బాగానే కొట్టుకుంది. ఒడ్డుకు లాగి కొక్కెం తీయబోతే స్నేహలత చెయ్యి అడ్డం పెట్టింది.

"ముట్టవు గద?"

"ముట్టనంటె తిననని గదనే!"

"కల్వకుర్తిల అందరి ముంగట ముట్ట అన్నవు. తిన అనలె."

ఆమె అంతే. మాటంటే మాట. నేను ముట్టకూడదు, ఆమె ముట్టకూడదు. చివరికి ఐలేశం కొక్కెం తీసి నీళ్ళలో వదిలేశాడు. అది పోతుంటే స్నేహలత నీళ్ళ వైపు చాలాసేపు చూసింది. "పులుసుకు మంచిగుండు" అంది మెల్లగా. తర్వాత డబ్బా విప్పింది. సోరకాయ.

మే 6

సముద్రానికి ఎప్పుడు పోవాలి? ఐలేశంతో షాపులో మంతనాలు. ఆయన ఎప్పుడూ సముద్రం చూడలేదు. నేనూ చూడలేదు. కాబట్టి బుర్ర పెట్టి ఆలోచించాం.

"చెరువుల చేపలు ఎప్పుడు దొరుకుతయి సేటు? ఎండలు ముదిరి నీళ్ళు గుంజినంక. అప్పుడు చేపలన్ని నడిమి గుంటల్నే ఉంటయి. సముద్రం గూడ గంతే గద. జర పెద్దది."

చప్పట్లు కొట్టాను. ఎండాకాలం చివర, నీళ్ళు బాగా తగ్గాక పోవాలి. హనుమంతు నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు పోయాడు, అందుకే ఒక్కటే పడింది. జూన్ మొదటి వారం ఖాయం చేశాం. అంతవరకు రోజూ సాధన. రోజూ!

మే 11

సాధన లేదు. మోటర్ల సీజను. బోర్లన్నీ ఎండి మోటర్లు కాలి వస్తున్నాయి, షాపు ముందు రైతుల వరస. అన్నం పెట్టే పని కదా. రేపు రెండు పూటలా చేస్తాను.

మే 12

ఒక్క పూట కూడా చెయ్యలేదు. పెళ్ళికి పోయాం. అక్కడ జరిగింది రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. డైరీలో అబద్ధం రాయకూడదు.

అపోలో ఫిష్ పెట్టారు.

ఇప్పుడు శాంతంగా ఆలోచిద్దాం. దానికి తల లేదు. తోక లేదు. ముల్లు లేదు. పైన శనగపిండో మైదానో, కరివేపాకు, పచ్చిమిరపకాయ. తల, తోక, ముల్లు లేనిదాన్ని చేప అని ఎవరంటారు? పకోడీ అంటారు. నేను పకోడీలు తిన్నాను. స్తంభం వెనక నిలబడి తిన్నాను, అది ఎండకు.

స్నేహలత ఆడవాళ్ళ బంతిలో కూర్చుంది. వడ్డించేవాడు ఆ పళ్ళెం తెస్తే చెయ్యి అడ్డం పెట్టి పప్పు వేయించుకుంది. అటు చూడకుండా ఉండాల్సింది. చూశాను. పకోడీ నూనె చేతులు గబగబా అంగికి తుడుచుకున్నాను.

మే 16

బయట ఎండ మండిపోతోంది. డాబా మీద కాలు పెడితే బొబ్బలే. అందుకని హాల్లోనే సాధన, ఫ్యాను కింద.

ఫ్యాను పడింది.

అంటే కింద పడలేదు, గాలానికి పడింది. దారమంతా చుట్టుకొని కుయ్యోమని ఆగి పొగ వచ్చింది. స్నేహలత వంటింట్లోంచి, "పడ్డదా?" అని ఆశగా అడిగింది.

ఫ్యాను షాపుకు తీసుకుపోయాను. ఐలేశం వాసన చూసి, "పాత పంక గాదు సేటు, మంచి పంక కాలింది" అన్నాడు. మిగతా కాలిన మోటర్ల వరసలో పెట్టాం. మా ఫ్యాను వంతు ఎప్పుడొస్తుందో.

ఈ పేజీకి రసం పీల్చే పురుగు.

మే 20

ఉక్క. ఫ్యాను లేదు. గాలం పందిరి దగ్గరే ఉంటోంది, అమ్మకు అక్కడైతే వీలు.

ఇవాళ అమ్మ వంకాయలో నల్లముక్కలు వేసింది. నల్లముక్కలంటే అమ్మ ప్రతి అంగడికీ తెచ్చే వట్టి చేప. ఏ చేపో ఎవరికీ తెలియదు. నల్లగా, కట్టెలాగా గట్టిగా ఉంటుంది. పిల్లి భయానికి సంచిలో పోసి వంటింటి దూలానికి వేలాడదీస్తుంది. నేను పుట్టినప్పటి నుంచి ఆ సంచి అక్కడే ఉంది.

వాసనకు నోరూరింది. తర్కం మొదలుపెట్టాను. "వట్టి చేప అసలు చేపనే గాదు. నీళ్ళల్ల ఏస్తె ఈదుతదా?"

స్నేహలత కంచంలోంచి తలెత్తకుండా అంది. "ఎండిన మిరపకాయ మిరపకాయ గాదా? కండ్లల్ల పెట్టుకో, తెలుస్తది."

ఆమె వంకాయలు మాత్రం ఏరుకుందామని చూసి, పులుసు అంటిందని అవీ మానేసింది. మజ్జిగతో తిని లేచిపోయింది. ఆమె లేచాక అమ్మ కంచంలోంచి ఒక ముక్క తీసుకున్నాను. రెండు. అమ్మకు నా ఒట్టు సంగతి ఇప్పటికీ అర్థం కాలేదు. సోరకాయ కోసం కొడుకు ఇంత కష్టపడుతున్నాడని వాడలో చెప్పుకుంటోంది.

మే 25

హనుమంతు ఫోను. "ఎంతదాకా వచ్చింది అన్నా?"

"చేయి మంచిగ తిరుగుతుంది తమ్మీ."

"ఏమన్న పడ్డయా?"

"పడ్డయి. పెద్దపెద్దయే పడ్డయి." డిష్, ఫ్యాను. అబద్ధం కాదు.

"అయితె మిరుగం నాడు నేను మంజుల వస్తున్నం. సూర పులుసు తినే పోతం."

ఫోను పెట్టాక అన్నం సగంలోనే వదిలేశాను. సోరకాయ వల్ల కావచ్చు.

జూన్ 3

సాధన గురించి ఇక రాయను. గాలం విసరడం మర్చిపోయే విద్య కాదు, సైకిల్ తొక్కడం లాంటిది. నాకు సైకిల్ రాదు, అది వేరే సంగతి.

నిజంగా మానేద్దామనుకున్నాను. నడుము నొప్పి అని చెబుదామని రెండు రోజులుగా నడుము పట్టుకొని తిరుగుతున్నాను. ఇవాళ చెప్పేద్దామని వంటింట్లోకి పోతే స్నేహలత కారం దంచుతోంది. మసాలాకు ధనియాలు, మెంతులు వేయించి పక్కన పెట్టింది. చింతపండు గింజ తీసి డబ్బాలో ఒత్తింది. పెద్ద మట్టికూరాడు కడిగి బోర్లించింది.

"మా నాయిన పోయినంక మిరుగానికి నాకోసమని చేప తెచ్చినోళ్ళు లేరు" అంది. "నేనే కొనుక్కుంటున్న. ఈసారి నువ్వు తెస్తవు."

నడుము మీది చెయ్యి తీసేశాను.

జూన్ 5

బస్సు. నేను, ఐలేశం. కండక్టరు గాలాన్ని చూసి దీనికీ టికెట్ తీసుకోవాలన్నాడు. ముక్కలుగా విప్పాను. మూడు ముక్కలకా ఒక్కదానికా అని అడిగాడు. వెనక సీట్లో ఒకావిడ కొప్పు గాలానికి పడింది. క్షమాపణలు. విజయవాడలో బస్సు మారాం, బాపట్ల పోతాం, అక్కడి నుంచి సూర్యలంక. ఉత్సాహం మళ్ళీ వచ్చింది! ఏసీ లేకపోయినా గాలి తగులుతోంది, ఇంట్లో కంటే నయం.

జూన్ 6, సూర్యలంక

సముద్రం చూశాం.

ఇద్దరం ఈ కొన నుంచి ఆ కొనదాకా చూశాం. చివరికి ఐలేశం అన్నాడు. "సేటూ, ఎండలె."

ఎండలేదు. నిండుగా ఉంది. నడిమి గుంటలు లేవు, నడిమే కనబడలేదు.

"అవతలి కట్ట ఏడున్నది సేటు?"

"లేనట్టుంది."

"తూము?"

"లేదు ఐలేశం."

"కట్ట లేక, తూము లేక ఇన్ని నీళ్ళు ఎట్ల ఆగినయి?" ఆయన నిజంగానే భయపడ్డాడు. ఒడ్డుకు దూరంగా జరిగి నిలబడ్డాడు.

పడవలన్నీ ఇసుకలోకి లాగి ఉన్నాయి. ఒక్కటీ నీళ్ళలో లేదు. ఎండు చేపలు అమ్మే ఒకావిడ గంప ముందు కూర్చుంది. ఆమెనడిగాను.

"వేట బంద్ కదండీ" అంది. "ఏటా ఎండాకాలం రెండు నెలలు బోట్లు ఎళ్ళవు. చేపలు గుడ్లు పెట్టే టైము. జూన్ పద్నాలుగు దాటాక రావాల్సింది. ఎవరన్నా ఇప్పుడొస్తారా?"

మేమొచ్చాం. నీళ్ళు తగ్గుతాయని వచ్చామని చెప్పలేదు.

సరే, పడవలు లేకపోతే ఒడ్డు ఉంది. విసిరాను. అల దాన్ని తెచ్చి నా కాళ్ళ దగ్గరే పెట్టింది. మళ్ళీ విసిరాను. మళ్ళీ తెచ్చింది. మధ్యాహ్నందాకా సముద్రం, నేను ఇట్లా ఇచ్చిపుచ్చుకున్నాం. పడినవి: నాచు, బనియను, ఐలేశం లుంగీ.

అప్పుడు జరిగింది. కాస్త అవతల నీళ్ళు ఒక్కచోట కుతకుతమన్నాయి. పిట్టలు గుంపుగా దిగాయి. చిన్న చేపలు చినుకుల్లా పైకి లేచాయి, వాటి వెనక నీలంగా, వెండిగా, ఒకటి, ఇంకొకటి, పది, గాల్లోకి లేచి పడుతున్నాయి. కంటికి ఆనడం లేదు. సూరలు! ఫొటోలో చూసినట్టు లేవు. ఫొటోలో అది చచ్చి ఉంది.

నేను గాలం పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను. హనుమంతు గుర్తు రాలేదు, ఒట్టు గుర్తు రాలేదు. స్నేహలత చూస్తే బాగుండునని మాత్రం అనిపించింది.

"ఇసురు సేటూ! ఇసురు!" ఐలేశం దూరం నుంచి మొత్తుకుంటున్నాడు.

విసిరాను. ఒంట్లో బలమంతా పెట్టి విసిరాను. చొక్కా చిరిగిన చప్పుడైంది. గాలం నా కాలరుకే పడింది. ఐలేశం వచ్చి విడదీసేసరికి నీళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి.

పోతూ పోతూ ఆ గంప ముందు ఆగాను. అందులో నల్లగా కట్టెల్లాంటి ముక్కలు. మా ఇంటి దూలానికి వేలాడేవే!

"ఇదేం చేపమ్మా?"

"సూరండి. నల్ల కండ. పచ్చిది మావైపు పెద్దగా కొనరు. ఉప్పేసి ఎండబెట్టి మీవైపే పంపిస్తాం. నకిరేకల్ అంగడికి మా ఆడపడుచు తెస్తది."

ఇసుకలో కూర్చుండిపోయాను. పుట్టినప్పటి నుంచి తింటున్నది సూర. ఒట్టు పెట్టుకొని తిన్న రెండు ముక్కలూ సూరే. ఇంత దూరం వచ్చి వెతుకుతున్నది మా వంటింట్లో, నా నెత్తి మీదే ఉంది.

ఐలేశం గంపలోకి తొంగి చూశాడు. "కొనుక్కపోదామా సేటు?"

"వద్దు. గాలానికి పడాలె అన్న" అన్నాను. ఆ ఒక్క మాటన్నా నిలబెట్టుకుందామని.

జూన్ 7

బస్సులో. నిద్ర పట్టలేదు. నిన్న ఆ చేపలను చూసిన సంతోషం ఒకవైపు, ఇంటికి ఉత్త చేతులతో పోతున్న దుఃఖం ఒకవైపు. దుఃఖమే బరువుగా ఉంది. రేపు స్నేహలతకు చేప లేదు. నా నోటి వల్ల.

జూన్ 8, మిరుగం

పొద్దున దిగాం. నకిరేకల్ బజారంతా చేపలే. తొట్లలో కొర్రమట్టలు, బొచ్చెలు, రవ్వలు. ఊరంతా సంచులు పట్టుకొని నిలబడ్డారు. మేమిద్దరం ఖాళీ చేతులతో, గాలం భుజాన వేసుకొని మధ్యలోంచి నడిచాం. "సొర పడ్డదా సేటూ?" అని ఎల్లేష్ అరిచాడు. వినబడనట్టు నడిచాను.

ఇంట్లో హనుమంతు, మంజులత అప్పటికే వచ్చి కూర్చున్నారు. కూరాడు పొయ్యి మీద ఉంది. నూనె కాగుతోంది. స్నేహలత కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి నా చేతుల వైపు చూసింది.

"పడలే" అన్నాను.

హనుమంతు నవ్వడానికి నోరు తెరిచాడు. ఆమె ముఖం చూసి మూసేశాడు. ఆమె తిట్టలేదు. లోపలికి పోయి పొయ్యి ఆర్పేసింది. అదే భరించలేకపోయాను. తిడితే బాగుండేది.

అమ్మ ఒక్కతే మామూలుగా ఉంది. "మిరుగం నాడు పొయ్యి ఆర్పుడేంది? నల్లముక్కలన్న ఏద్దాం. ఇజేందరూ, స్టూలు షాపుల ఉన్నది, నాకు సంచి అందుతలే. ఆ సోరకాయ కట్టెతోని దించు."

దించడమే కదా అని ముక్కలు బిగించాను. గాలం ఎత్తి దూలం మీది సంచికి తగిలించి ఒక్క గుంజు గుంజాను. సంచి పర్రుమని చిరిగింది. ముక్కలన్నీ హనుమంతు నెత్తిన కురిశాయి. ఒక్కటి మాత్రం కొక్కేనికి గుచ్చుకొని, రీలు కిర్రుమంటుండగా, వంటింటి నడుమ వేలాడుతూ ఊగింది.

గుమ్మంలో ఐలేశం గాలిలోకి ఎగిరాడు. "పడ్డది! సేటూ, పడ్డది! గాలానికి సూర పడ్డది!"

ఎవరికీ అర్థం కాలేదు. నేనే చెప్పాను. సూర్యలంక, గంప, ఆవిడ, ఆడపడుచు, నకిరేకల్ అంగడి, అంతా. అమ్మ మధ్యలో, "నేను మొదటి నుంచి సోర అనే అంటున్న గద" అంది.

హనుమంతు నెత్తి మీది పొడి దులుపుకుంటూ లేచాడు. "గదెట్ల వదినా? గది వట్టి చేప. వట్టి చేప చేపెట్లయితది?"

స్నేహలత కొక్కెం దగ్గరికి వచ్చింది. ముక్కను రెండు వేళ్ళతో పట్టుకొని, తిప్పి చూసి, తన చేతితో విడదీసింది.

"ఎండిన మిరపకాయ మిరపకాయ గాదా మరిదీ? కండ్లల్ల పెట్టుకో, తెలుస్తది."

పొయ్యి మళ్ళీ వెలిగింది. పులుసులో ఎంత ఉడికినా ముక్క మెత్తబడలేదు, అయినా ఆమె రెండోసారి వేయించుకుంది. హనుమంతు మూడుసార్లు వేయించుకున్నాడు. అది కూడా రాసి పెడుతున్నాను.

అందరూ పడుకున్నాక గిన్నెలు సర్దుతూ స్నేహలత అంది. "పెండ్లిల తిన్నది గూడ చేపనే."

"నీకెట్ల తెలుసు?"

"నీ అంగి ఉతికింది నేనే."

"మరి అడుగవైతివి?"

"అడిగితె అక్కడ్నే ఇడిసిపెడుదువు" అంది. "సముద్రం దాకా పోయినవు గద. చాలు. మా నాయిన మూసీ దాటి పోలే."

సిగ్గేసింది. చాలా సిగ్గేసింది. ఆమె చేతిలోంచి గిన్నె తీసుకొని నేనే కడిగాను.

జూన్ 10

ఫ్యాను వచ్చింది. చల్లగాలిలో కొత్త ఆలోచనలు.

స్నేహలతకు ఆ సూరలు ఎగరడం చెప్పాను. నిన్నా చెప్పాను, ఇవాళా చెప్పాను. "నేనెన్నడు సముద్రం సూడలె" అంది. అంతే, నాకు మళ్ళీ మొదలైంది!

షాపులో ఐలేశంతో మంతనాలు. పోయినసారి తప్పెక్కడో తేలింది. చెరువులో చేపలు నిజంగా దొరికేది వానలు కొట్టి అలుగు పోసినప్పుడు. నీళ్ళకు ఎదురెక్కుతాయి, చేత్తో పట్టుకోవచ్చు. కాబట్టి ఈ వానాకాలం సముద్రం అలుగు పోసేరోజు కనుక్కొని పోవాలి. ముగ్గురం పోతాం. అలుగు ఎటువైపు ఉందో ఐలేశం అల్లుణ్ణి అడిగి చెప్తానన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర లేచి నిలబడి ప్రకటించాను. ఈసారి మాట జాగ్రత్తగా చూసుకున్నాను. చేప జోలికి పోలేదు.

"నా గాలానికి పచ్చి సూర పడాలె. పడేదాకా సోరకాయ ముట్ట!"

కంచంలో సోరకాయ ముక్కలను చేత్తో పక్కకు తోస్తూ స్నేహలత వెంటనే లేచింది.

"ఆయన ముట్టకుంటె నేనూ ముట్ట."

అమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గాలం అందుకొని పెరట్లోకి నడిచింది. పందిరికి అటువైపు బీరకాయలు కూడా కాశాయట.